ఒక్కసారి కూడా మోగని సైరన్

మా వీరన్నపాలెం పాల శీతలీకరణ కేంద్రంలో ఏప్రిల్ నెల మొత్తం మీద అలారం ఒక్కసారి మోగింది. మే నెలలో ఒక్కసారి కూడా మోగలేదు. సైరన్ మాత్రం ఏప్రిల్ మొదటి వారంలో మొదలై, మే ఆఖరు రోజు దాకా ఒక్క నిమిషం ఆగలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. లెక్క మిషను చెప్పింది. మిషనుకు లెక్క నేర్పింది నేను.

నేను అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి, ఆ తర్వాత పాలిటెక్నిక్ చదివి వచ్చాను. గోడకు బిగించిన డేటా రికార్డర్ అనే పెట్టెను చూసుకోవడం నా పని. ముప్పై రెండు ఊళ్ల నుంచి వచ్చిన పాలను పెద్ద ట్యాంకులో నాలుగు డిగ్రీల దగ్గర చల్లగా ఉంచుతాం. ఆ డిగ్రీలను రికార్డర్ రాసుకుంటుంది. అయిదు దాటితే సైరన్ మోగిస్తుంది, మళ్లీ అయిదులోపు దిగితే ఆపుతుంది. అంతకు మించి దానికి ఆశలేమీ లేవు.

పాలను చల్లబరిచేది కంప్రెసర్. దాన్ని నడిపేది మస్తాన్ బాబాయ్. ఆయన ఉద్యోగంలో చేరి ఇరవై ఆరేళ్లు. కంప్రెసర్ ఆయన కంటే రెండేళ్లు సీనియర్. బెల్టులు జారేవి, బేరింగు అరిచేది, పనిలో పనిగా అది ఆగిపోయేది. ఆగినప్పుడల్లా పాలు వేడెక్కేవి, సైరన్ మోగేది, మస్తాన్ బాబాయ్ పరిగెత్తేవాడు. కొత్త బేరింగు, కొత్త బెల్టులు కావాలని మూడేళ్లుగా హెడ్డాఫీసుకు ఉత్తరాలు రాస్తున్నాడు. "తగిన ఆధారములు జతపరచనందున పరిశీలించుట సాధ్యపడదు" అని మూడేళ్లుగా ఒకటే జవాబు వస్తోంది.

"అమ్మాయ్, ఇది రోజుకెన్నిసార్లు కూస్తందో నేను చెప్తే ముసలోడి గోల అంటారు," అన్నాడు ఫిబ్రవరి చివర్లో ఒక రోజు. "మిషన్ చెప్తే నమ్ముతారు. నీ పెట్టెకి లెక్కపెట్టడం వచ్చుద్దా?"

"నేర్పితే వస్తుంది బాబాయ్."

పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం నూట ఎనభై పేజీలు. మూడు రోజులు చదివాను. అందులో కౌంటర్ అని ఒక సదుపాయం ఉంది. అలారం మొదలైన ప్రతిసారీ అంకెకు ఒకటి కలుపుతుంది. ప్రతి నెల ఒకటో తేదీన తనంతట తాను సున్నాకు వస్తుంది. మెనూలోకి వెళ్లి, ఏ అలారానికి కదలాలో చెప్పి, ఎంత చొప్పున పెరగాలంటే ఒకటి అని పెట్టి, సేవ్ నొక్కాను. పావుగంట తర్వాత కంప్రెసర్ ఆగింది, సైరన్ మోగింది, తెర మీద సున్నా పోయి ఒకటి వచ్చింది. మస్తాన్ బాబాయ్ ఆ అంకెను మనవడి మొదటి పన్నును చూసినట్టు చూశాడు.

మార్చి ఆఖరుకు అంకె రెండు వందల పన్నెండు.

ఆ రోజు గుడిపాడు నుంచి పాల క్యాన్లతో అంకమ్మక్క వచ్చింది. ఆ ఊరి పాల సంఘానికి సెక్రటరీ. తెర వంక చూసి, "రెండొందలా!" అంది. "మస్తానయ్యా, ఈ ఎండాకాలం దాటుద్దా నీ మిషను? ఒక్క పూట ఇది పడుకుందంటే మా ఊరి పాలన్నీ విరిగిపోయి కూకుంటాయ్. డెబ్బై కొంపలు వీటి మీదే బతికేది."

"ఇంక దిగుల్లేదమ్మా," అన్నాడు బాబాయ్. "ఆధారం పంపిస్తన్నా."

ఆధారం వెళ్లింది. వారం తిరక్కుండానే హెడ్డాఫీసు కదిలింది. మూడేళ్లలో అంత వేగం చూడని మేము బేరింగే వచ్చిందనుకున్నాం. వచ్చింది సర్క్యులర్.

హెడ్డాఫీసులో గణన, గుణ, ఘనతా విభాగం అని ఒకటి ఉంది. దాని డిప్యూటీ జనరల్ మేనేజరు విశ్వంభరం గారికి మా కౌంటర్ చాలా నచ్చింది. "ఇందుమూలముగా సమస్త కేంద్రములకు తెలియజేయునదేమనగా, ఇకపై అన్ని కేంద్రములందును అలారం కౌంటర్లు అమర్చవలెను. నెలాఖరున అత్యల్ప సంఖ్య సాధించిన కేంద్రమునకు ఘనతా షీల్డు ప్రదానము చేయబడును. అత్యధిక సంఖ్య సాధించిన కేంద్రపు మేనేజరు సంజాయిషీ సమర్పించవలెను."

కవరులో మస్తాన్ బాబాయ్ పేర వేరే కాగితం ఉంది. "కౌంటర్ అమర్చక పూర్వము మీ కేంద్రమున నమోదైన అలారములు: సున్నా. అమర్చిన పిదప: రెండు వందల పన్నెండు. ఈ ఆకస్మిక క్షీణతకు మీరు కారణము కాదని ఏడు దినములలోగా నిరూపించుకొనవలెను."

బాబాయ్ రెండుసార్లు చదివించుకున్నాడు. "అంటే, లెక్కపెట్టకముందు మోగలేదనా?"

"రికార్డు ప్రకారం మోగలేదు బాబాయ్."

"మరి మూడేళ్లు నేను పరిగెత్తింది ఎందుకంట?"

"అదీ రికార్డులో లేదు."

మా సెంటర్ మేనేజరు పానకాలరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. సంజాయిషీ అన్న మాట వింటే ఆయనకు సెలవు పెట్టాలనిపిస్తుంది, అంతే.

"ఆ అంకె తగ్గాలమ్మా," అన్నారు.

"బేరింగు, బెల్టులు మారిస్తే తగ్గుతుంది సార్."

"అది మన పరిధిలోది కాదు. మన పరిధిలో ఉన్నది చెప్పు. సున్నా చేసే మీట ఏదో ఉంటుంది కదా?"

"ఉంది సార్. దాన్ని నొక్కితే ఎన్నిసార్లు నొక్కామో లెక్కపెట్టే కౌంటర్ ఇంకోటి ఉంది. అది నేరుగా హెడ్డాఫీసుకు కనిపిస్తుంది."

"అయిదు డిగ్రీలని పెట్టావు కదా, దాన్ని యాభై చెయ్యి."

"అయిదు దాటించకూడదని రూలు సార్. దాటిస్తే కేసవుతుంది."

ఆయన నుదురు తుడుచుకున్నారు. "అసలది ఎట్లా లెక్కపెడుతుందో మొదటి నుంచి చెప్పు."

అడిగిన దానికి జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. దాని వల్ల ఏమవుతుందో అప్పటికి ఆలోచించలేదు. "అలారం మొదలైనప్పుడు ఒకటి కలుపుతుంది సార్. ఆగి, మళ్లీ మొదలైతే ఇంకొకటి."

"ఎంతసేపు మోగినా?"

"ఎంతసేపు మోగినా ఒకటే సార్."

"రోజంతా మోగితే?"

"ఒకటే."

"నెలంతా?"

నేను ఆయన ముఖం చూశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ముఖానికి అంత వెలుగు ఎప్పుడూ వచ్చి ఉండదు. కుర్చీలో ముందుకు జరిగి, గొంతు తగ్గించి అడిగారు. "అయిదు కంటే పెంచకూడదన్నావు. తగ్గించకూడదని ఎక్కడన్నా ఉందా?"

"లేదు సార్."

"ఒక డిగ్రీ పెట్టామనుకో. పాలు నాలుగులో ఉంటాయి. అంటే ఎప్పుడూ ఒకటికి పైనే. అంటే అలారం మొదలవుతుంది, ఇక ఆగదు. ఆగకపోతే మళ్లీ మొదలవ్వదు. అవునా?"

"అవును సార్. కానీ నిజంగా పాలు వేడెక్కితే మనకు తెలియదు."

"మనం ప్రమాణం పెంచుతున్నామమ్మా! ఊరందరికీ అయిదయితే మనకు ఒకటి. ఇంత కఠినమైన నాణ్యత ఎక్కడుంది?"

మా ఊరి బళ్లో లెక్కల మాస్టారు నోటితో చెప్పిన జవాబుకు మార్కులు వేసేవారు కాదు. "రాసివ్వండి సార్," అన్నాను.

రాసిచ్చారు. "అలారం స్థిరీకరణ ఉత్తర్వు" అని పైన గీత కూడా కొట్టారు. మార్చి లెక్క మూసుకుని కౌంటర్ సున్నాకు వచ్చాక, ఏప్రిల్ మూడో తేదీ పొద్దున్న, దైవికంగా అప్పటివరకూ ఒక్కసారీ మోగని సైరన్‌ను నేనే మొదలుపెట్టాను. మిషను ఒకటి అంది. పానకాలరావు గారు తెరకు దణ్ణం పెట్టారు.

సైరన్ ఆగకుండా మోగే చోట పనిచేయడం మొదటి రెండు రోజులే కష్టం. మూడో రోజుకు చెవుల్లో దూది పెట్టుకున్నాం. నాలుగో రోజుకు చేతులతో మాట్లాడుకోవడం వచ్చింది. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ, అరచేయి బోర్లిస్తే పాలు దించమని, చెవి పట్టుకుంటే మేనేజరు గారు వస్తున్నారని. మేనేజరు గారికి ఇది నచ్చి, సంజ్ఞల పట్టిక తయారుచేయించి గోడకు అంటించారు. మస్తాన్ బాబాయ్ రెండు పిడికిళ్లు ఒకదానితో ఒకటి రాపిడి చేసి చూపించేవాడు. బేరింగు పోయేలా ఉందని దానర్థం. పట్టికలో ఆ సంజ్ఞ లేదు కాబట్టి దానికెవరూ జవాబివ్వలేదు.

అంకమ్మక్క క్యాన్ల లెక్క అరిచి చెప్పేది. ఆ అరుపు ఇంటికి వెళ్లినా దిగేది కాదు. "నా మొగుడు నెల్నాళ్ల నుంచి నేను తిడతన్నాననే అనుకుంటన్నాడు," అంది ఒక రోజు నా చెవిలో. "గేదెలు కడుగుతన్నాడు, దొడ్డి ఊడుస్తన్నాడు. నేనేం చెప్పదల్చుకోలా."

నిజంగా పాలు వేడెక్కితే చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఆ పని బాబాయ్ చేతులతో మొదలుపెట్టాడు. అరగంటకోసారి పాల గొట్టం మీద అరచేయి వేసి చూసేవాడు. అనుమానం వస్తే గాజు థర్మామీటరు ముంచేవాడు. అయిదు దాటిన ప్రతిసారీ కంప్రెసర్ గది తలుపు మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. ఏప్రిల్ ఆఖరుకు మిషను లెక్క ఒకటి. తలుపు లెక్క మూడు వందల నాలుగు.

"తలుపును హెడ్డాఫీసుకి పంపుదామా?" అన్నాడు, చేతులతోనే.

మే ఒకటో తేదీన ఇంకో విచిత్రం జరిగింది. అది నేను ముందే ఊహించాను గాని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. నెల మారగానే కౌంటర్ సున్నాకు వచ్చింది. సైరన్ ఏప్రిల్లోనే మొదలైంది, మేలో మళ్లీ మొదలవ్వాల్సిన పని లేదు. కాబట్టి అది సున్నాలోనే ఉండిపోయింది. సైరన్ మాత్రం మోగుతూనే ఉంది.

ఏప్రిల్ లెక్కకే ఈ కేంద్రాలన్నీ నడిపే పాల యూనియన్ అంతటా మా పేరు మోగింది. మే మొదటి వారం లెక్క చూసి విశ్వంభరం గారు ఫోన్ చేశారు. పానకాలరావు గారు చెవికి అదిమిపెట్టుకుని, రెండో చెవిలో వేలు దూర్చుకుని, "సున్నా సార్! సున్నా!" అని అరుస్తూ ఊరి పొలిమేర దాకా నడిచి మాట్లాడి వచ్చారు.

ఆ తర్వాత మిగతా పదమూడు కేంద్రాల మేనేజర్లు అధ్యయన యాత్రకు వచ్చారు. దూది మేమే ఇచ్చాం. మెనూలో ఎక్కడికి వెళ్లాలో, ఏ అంకె మార్చాలో నేను వేలితో చూపిస్తే వాళ్లు రాసుకున్నారు. మే నెల సగానికి వచ్చేసరికి పద్నాలుగు కేంద్రాల్లోనూ సైరన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఒక కేంద్రంలో సైరన్ చెడిపోయి రెండేళ్లయిందట. వాళ్లు వెనకబడిపోతామని కొత్తది కొనుక్కున్నారు. దానికి అనుమతి ఒక్క రోజులో వచ్చింది.

అయినా ముందు మొదలుపెట్టింది మేమే కాబట్టి షీల్డు మాకే అన్నారు. మే ముప్పై ఒకటో తేదీ, పదకొండు గంటలకు సభ. ఒకటే షరతు. విశ్వంభరం గారు తెర మీద సున్నాను స్వయంగా చూసి, సంతకం చేసి, అప్పుడు షీల్డు ఇస్తారు. సంతకం అయ్యేదాకా అంకె కదలకూడదు.

ఆ రోజు పొద్దున్నే షామియానా వేశారు. మైకు వాళ్లు తమ జనరేటర్ తెచ్చుకున్నారు. ట్యాంకులో ఎనిమిది వేల లీటర్లు. ఎండ తొమ్మిదింటికే కాలుస్తోంది. మస్తాన్ బాబాయ్ సభకు రాలేదు, కంప్రెసర్ గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి రెండు పిడికిళ్లు రాపిడి చేశాడు. ఈసారి చాలాసేపు చేశాడు. నేను మేనేజరు గారి దగ్గరకు వెళ్లి అదే సంజ్ఞ చేశాను. ఆయన నవ్వి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి, టీ వస్తుందన్నారు.

విశ్వంభరం గారు కారు దిగుతూనే రెండు చెవులూ మూసుకున్నారు. పానకాలరావు గారి చెవి దగ్గర నోరు పెట్టి, "సభ అయ్యేవరకు దీన్ని ఆపించండి!" అని అరిచారు.

"ఆపితే మళ్లీ మొదలవుతుంది సార్! మొదలైతే ఒకటి!"

"అయితే వద్దు, మోగనివ్వండి!"

ఆయన మైకు ముందు నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి, చేయి గాలిలో ఎగురుతోంది, ఒక్క ముక్క వినపడటం లేదు. నోరు మూసినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో అంకమ్మక్క ఒకసారి తొందరపడి మధ్యలోనే కొట్టింది, అందరూ కొట్టారు. ఆయనకు ఉత్సాహం వచ్చింది.

పావుగంట గడిచింది. అప్పుడు సైరన్ ఆగింది.

ఎవరూ ఆపలేదు. కంప్రెసర్ గదిలో ధడేల్‌మని ఒక చప్పుడు, మెయిన్ బ్రేకరు పడి సెంటర్‌కు కరెంటు పోయింది, దాంతో రికార్డరు, సైరను అన్నీ ఆరిపోయాయి. రెండు నెలల తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో, జనరేటర్ మీద నడుస్తున్న మైకులోంచి విశ్వంభరం గారి గొంతు ఊరంతా వినిపించింది. "...ఎటూ వినపడదు కనక చెబుతున్నాను, ఈ కౌంటర్ దేన్ని లెక్కపెడుతుందో నాకింతవరకూ..."

ఆయన మైకును చేత్తో మూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వే స్థితిలో ఎవరూ లేరు. జనం కుర్చీలు తన్నుకుని లేచారు. "ఏందిది? ఏమైంది? ఎందుకు ఆగింది?" చంటిపిల్లలు ఏడ్చారు. సైరన్ మోగినన్నాళ్లూ ఒక్కరూ అటు చూడలేదు. అది ఆగేసరికి ఊరు ఊరంతా సెంటర్ వైపు పరిగెత్తింది.

గుమ్మం దగ్గర మస్తాన్ బాబాయ్ ఎదురొచ్చాడు. చేతులకు గ్రీజు, కళ్లల్లో నీళ్లు. "అయిపోయిందమ్మాయ్. బేరింగు పట్టేసింది. బెల్టులు తునకలైనయ్."

"పాలు?" అంది అంకమ్మక్క.

"ఇప్పుడు నాలుగున్నర డిగ్రీలు. రెండు గంటలు ఆగితే చెప్పలేను."

"మా ఊరి పాలు మస్తానయ్యా..." అని ఆమె అక్కడే చతికిలబడింది. అరవడం అప్పుడే మర్చిపోయినట్టు, చాలా చిన్న గొంతుతో అంది.

విశ్వంభరం గారు షీల్డు చేత్తో పట్టుకునే వచ్చారు. "ఈ నిశ్శబ్దం ఎవరి అనుమతితో ఏర్పడింది?" అన్నారు.

"కంప్రెసర్ పోయింది సార్," అన్నారు పానకాలరావు గారు. "ముందు కంప్రెసర్ పక్కన పెట్టి మిగతా లైను వేయమంటాను. రికార్డరు వెలుగుతుంది."

"వెలిగితే?"

పానకాలరావు గారు ఒక వేలు మడిచి లెక్కవేశారు. వెలిగితే పాలు ఒక డిగ్రీకి పైన ఉన్నాయని చూస్తుంది. అలారం మొదలవుతుంది. ఒకటి.

"వెలిగించవద్దు!" అన్నారు విశ్వంభరం గారు.

"వెలిగించకపోతే తెర మీద సున్నా కనపడదు సార్. సంతకం పెట్టలేరు."

ఇద్దరూ ఆరిపోయిన పెట్టె ముందు నిలబడ్డారు. వెనక ట్యాంకులో ఎనిమిది వేల లీటర్ల పాలు వేడెక్కుతున్నాయి. నేను ఉద్యోగంలో చేరాక అడగకుండా మాట్లాడింది ఆ రోజే.

"సార్, ఒక దారి ఉంది. ఆన్ చేశాక రెండు నిమిషాల వరకు పెట్టె అలారం చూడదు. ఆ రెండు నిమిషాల్లో ఒక డిగ్రీ అన్నదాన్ని తీసేసి మళ్లీ అయిదు పెట్టేస్తాను. అప్పుడు పాలు అయిదులోపు ఉంటే అలారం మొదలవ్వదు. సున్నా సున్నాగానే ఉంటుంది."

"ఉంటుందా?"

"పాలు అయిదులోపు ఉంటేనే సార్. ఇవాళ అర్ధరాత్రికి నెల మారేదాకా అట్లాగే ఉండాలి. కంప్రెసర్ నడవకపోతే ఉండవు."

విశ్వంభరం గారు షీల్డు వంక చూసుకున్నారు. దాని మీద ఆయన పేరు కూడా చెక్కి ఉంది. ఫోన్ తీశారు. "స్టోర్సా? అత్యంత ఆవశ్యకమైన గణనా సంక్షోభము ఏర్పడినది. ఏం కావాలయ్యా?"

"బేరింగు, నాలుగు బెల్టులు సార్," అన్నాడు మస్తాన్ బాబాయ్. సైజులు మూడేళ్ల నుంచి నోటికి వచ్చు.

"దరఖాస్తు లేదు, ఆధారం లేదు, ఏమీ లేదు! సంఖ్య ప్రమాదంలో ఉన్నది! జీపులో పంపండి!"

జీపు వచ్చేదాకా పాలను కాపాడాలి. ఆ పని అంకమ్మక్క తీసుకుంది. రొయ్యల ఐసు ఫ్యాక్టరీ మూడు కిలోమీటర్లు. పాల ఆటోలన్నీ అటు తిప్పింది. గంటలో ఐసు దిమ్మెలు దిగాయి. ట్యాంకు చుట్టూ తిరిగే చన్నీళ్ల తొట్టిలో వాటిని పడేశాం. కంప్రెసర్ లైను విడదీసి, ఆ చన్నీళ్లను తిప్పే పంపు ఒక్కటీ వేశాడు బాబాయ్. గాజు థర్మామీటరు నా చేతిలో ఉంది. నాలుగూ ముప్పావు. నాలుగూ ముప్పావు. నాలుగున్నర. విశ్వంభరం గారు కోటు తీసేసి, ఐసు దిమ్మెకు ఒక చివర తాను పట్టుకున్నారు. రెండో చివర అంకమ్మక్క.

"అటు కాదయ్యా, ఇటు! రోజూ అన్నం తినడంలా?"

ఆయన ఇటు తిరిగారు.

మూడింటికి బేరింగు వచ్చింది. అయిదున్నరకు కంప్రెసర్ తిరిగింది. నేను రికార్డరు వెలిగించి, రెండు నిమిషాల్లో ఒకటిని అయిదు చేసి, సేవ్ నొక్కి, చేతులు వెనక్కి తీసుకున్నాను. పాలు నాలుగు. అందరూ సైరన్ వంక చూశారు. మోగలేదు. తెర మీద సున్నా. విశ్వంభరం గారు సంతకం చేశారు, షీల్డు పానకాలరావు గారి చేతిలో పెట్టారు. చప్పట్లు ఈసారి వినపడ్డాయి.

పది రోజులకు సర్క్యులర్ వచ్చింది. "వీరన్నపాలెం కేంద్రమున సైరన్ ఆగిన వెంటనే ప్రమాదము బయటపడినది. కావున నిశ్శబ్దమే ప్రమాద సూచికగా గుర్తించడమైనది. సైరన్ ఆగినచో మోగుటకు ప్రతి కేంద్రమున రెండవ సైరన్ అమర్చవలెను. సదరు సైరన్‌కు కౌంటర్ అమర్చవలెను." పానకాలరావు గారు నన్ను పిలిచి చేయమన్నారు. రాసివ్వండి సార్, అన్నాను. ఇంకా రాస్తున్నారు.

ఆ సాయంత్రం మస్తాన్ బాబాయ్ తడిగుడ్డతో తలుపు మీద సుద్దగీతలు తుడుస్తున్నాడు. లోపల కంప్రెసర్ నిద్రపోయే మనిషిలా మెత్తగా తిరుగుతోంది. బాబాయ్ తుడవడం ఆపి, చెవి తలుపుకు ఆనించి కాసేపు విన్నాడు.

"ఎంత బాగుందో చూడు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, చన్నీళ్ల పంపు కూడా సుమారుగానే ఉంది. ఈ ఏడు గడవదు. ఊపు మీదున్నారు కదా, ఉత్తరం రాద్దామా?"

"ఉత్తరం వద్దు బాబాయ్," అన్నాను. "ముందు దానికొక షీల్డు రానిద్దాం."